మేఘసందేశం: నేల వాలు, నీటి దారి

కాళిదాస మహాకవి మేఘసందేశానికి వ్యాఖ్యానాలకు కొదవ లేదు. అలంకారశాస్త్ర దృష్టితోను, విప్రలంభ శృంగార దృష్టితోను పండితులు ఆ చిన్న కావ్యాన్ని పదేపదే పరిశీలించారు. జడమైన మేఘం సందేశాన్ని ఎలా మోస్తుందన్న ఆక్షేపణను కవి స్వయంగా మొదట్లోనే లేవనెత్తి, విరహంతో వేగిపోయేవాడికి చేతనాచేతన వివేకం ఉండదని సమాధానమూ చెప్పాడు. రసదృష్టికి ఆ సమాధానం చాలు. వ్యాఖ్యాతలు కూడా చాలావరకు అక్కడే ఆగారు.

అయితే దాని వెనుక మరో ప్రశ్న మిగిలి ఉంది. జడమైన వస్తువునే దూతగా పంపదలచినప్పుడు యక్షుడు నదిని ఎందుకు ఎన్నుకోలేదు? నది కూడా నడిచేదే, నీటిని మోసేదే, దేశాలను దాటేదే. పైగా కావ్యంలో నదులకు కొరత లేదు. పూర్వమేఘంలో రేవ, వేత్రవతి, నిర్వింధ్య, సింధు, శిప్ర, గంభీర, చర్మణ్వతి, సరస్వతి, గంగ వరుసగా కనిపిస్తాయి. ఇన్ని నదుల మధ్య ఒక్కటి కూడా యక్షుడికి దూతగా పనికిరాకపోవడానికి కారణం అలంకారశాస్త్రంలో దొరకదు. అది మధ్యభారతపు నేల వాలులో ఉంది. కావ్యాన్ని ఆ వాలు వెంట చదివితే కవి ఊహ ఎక్కడ భూమిని అనుసరించిందో, ఎక్కడ కావాలనే విడిచిపెట్టిందో స్పష్టపడుతుంది.

రామగిరి ఎక్కడ?

ప్రయాణం మొదలయ్యే చోటు తేలనిదే దారి తేలదు. సంజీవనీ వ్యాఖ్యాకర్త మల్లినాథసూరి రామగిరిని చిత్రకూటమన్నాడు. సీతారాముల నివాసంగా చిత్రకూటానికి ఉన్న ప్రసిద్ధి ఆ నిర్ణయానికి ఆధారమై ఉండవచ్చు. కాని చిత్రకూటం వింధ్యకు ఉత్తరాన, యమునకు చేరే నీళ్ల మీద ఉంది. అక్కడినుంచి ఉత్తరానికి బయలుదేరిన మేఘానికి రేవానది, అంటే నర్మద, ఎదురుపడే అవకాశమే లేదు. కావ్యంలోని మేఘమో వింధ్యపాదాల వద్ద రాళ్ల మధ్య పాయలైన నర్మదను చూసి, ఆ తరువాతనే విదిశకు చేరుతుంది. కనుక రామగిరి నర్మదకు దక్షిణాన ఉండితీరాలి. ప్రతిపదానికి ప్రాణం పోసిన వ్యాఖ్యాత నేల వాలు విషయంలో పురాణప్రసిద్ధికి లొంగిపోయాడని చెప్పక తప్పదు.

మేఘదూతాన్ని 1813లో ఆంగ్లంలోకి తెచ్చిన హెచ్.హెచ్. విల్సన్ రామగిరిని నాగపూరు సమీపంలోని రామ్‌టెక్‌గా గుర్తించాడు. తరువాత వి.వి. మిరాశీ ఆ పక్షాన్ని శాసనసాక్ష్యంతో బలపరిచారు. రెండవ చంద్రగుప్తుని కుమార్తె, వాకాటక రాజ్ఞి ప్రభావతీగుప్త ఇచ్చిన రిద్ధపూర్ తామ్రశాసనం రామగిరిస్వామి పాదమూలం నుంచి వెలువడినట్లు చెప్పుకుంటుంది. వాకాటకుల రాజధాని నందివర్ధనం రామ్‌టెక్ పక్కనే ఉన్న నేటి నగర్‌ధన్. గుప్తులకూ వాకాటకులకూ ఉన్న ఈ బంధుత్వాన్ని చూస్తే, ఉజ్జయినిని అంతగా ప్రేమించిన కవికి రామగిరి పరిచయం కావడంలో ఆశ్చర్యం లేదు.

సర్గుజా ప్రాంతంలోని రామ్‌గఢ్ కొండను రామగిరిగా భావించేవారూ ఉన్నారు. వారి వాదానికి ఒక బలం ఉంది. కావ్యంలోని ఆమ్రకూటాన్ని అమరకంటకంగా తీసుకుంటే అది రామ్‌గఢ్‌కు పడమట, దారిలోనే ఉంటుంది. రామ్‌టెక్‌కు అయితే అది ఈశాన్యాన, దారికి పక్కగా పడుతుంది. ఈ చిక్కు నిజమే. కాని ఆమ్రకూటం అమరకంటకమేనన్నది పేర్ల పోలికపై నిలిచిన ఊహ, రామగిరికి ఉన్నట్టి శాసనాధారం దానికి లేదు. అందుచేత రామ్‌టెక్ పక్షమే నేటికీ ఎక్కువ సమంజసంగా కనిపిస్తుంది.

నీరు దక్షిణానికి, మేఘం ఉత్తరానికి

రామ్‌టెక్ కొండ మీద కురిసిన చినుకు ఎటు పోతుంది? ఆ కొండ వైనగంగ పరీవాహకంలో ఉంది. సాత్పురా శ్రేణిలోని సివనీ ప్రాంతంలో పుట్టిన వైనగంగ దక్షిణానికి సాగి, వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిలో చేరుతుంది. అంటే యక్షుడు నిలబడి ఉత్తరానికి చూస్తున్న ఆ శిఖరం మీది నీరంతా అతని వీపు వెనుకకు, తెలుగునేల మీదుగా తూర్పు సముద్రానికి పోతుంది. అలక వైపు సాగే ఒక్క సెలయేరు కూడా అక్కడ లేదు.

ఉత్తరాన ఉన్న అడ్డంకులు ఇంకా గట్టివి. మొదట సాత్పురా. దానికి ఆవల పగులులోయలో పడమటికి పారే నర్మద, 1,312 కిలోమీటర్లు నడిచి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. లోయకు ఆవలిగట్టున వింధ్య నిటారుగా లేస్తుంది. వింధ్య దక్షిణముఖం గోడవంటిది, ఉత్తరముఖం మెల్లగా దిగే మాళవ పీఠభూమి. అందువల్ల వింధ్యశిఖరం దాటగానే నీటి దిక్కు మారిపోతుంది. వేత్రవతి, నేటి బేత్వా, ఈశాన్యంగా సాగి యమునను చేరుతుంది. శిప్ర ఉత్తరానికి సాగి చర్మణ్వతిలో, చర్మణ్వతి యమునలో కలుస్తాయి.

ఈ విధంగా రామగిరికీ ఉజ్జయినికీ మధ్య నీరు మూడు దిక్కులకు విడిపోతుంది. గోదావరి నీరు తూర్పు సముద్రానికి, నర్మద నీరు పడమటి సముద్రానికి, మాళవపు నీరు గంగకు పోతాయి. నది ఎంత గొప్పదైనా తన జలవిభాజకాన్ని దాటలేదు. దాటగలిగిన నీటిరూపం ఒక్క మేఘమే. యక్షుని ఎన్నిక ఉన్మాదంలా కనిపించినా దాని వెనుక భూమి చెప్పే న్యాయం ఉంది. కవి ఈ మాటను సూత్రంగా చెప్పలేదు. కాని నదులను ఒక్కొక్కటిగా అడ్డంగా దాటించిన క్రమమే అతని ఎరుకకు సాక్ష్యం. ఒక్క నది పొడవునా మేఘం ప్రయాణించదు. ప్రతి నది వద్ద వంగి, తాగి, దాటిపోతుంది.

వర్షాగమనం నడిచిన దారి

మేఘం దారి ఋతుపవనాల గమనానికి సరిపోతుందా అన్నది తరువాతి ప్రశ్న. ఈ విషయంలో రెండు విధాల అతివాదాలు వినిపిస్తాయి. కాళిదాసు వాతావరణశాస్త్రాన్ని ముందే చెప్పాడనేవారు ఒక వైపు, కావ్యానికీ గాలివానలకూ సంబంధమే లేదనేవారు మరో వైపు. రెండూ తొందరపాటు తీర్పులే.

నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా వచ్చి మొదట పడమటి కనుమలను తాకుతుంది. కొండ ఎక్కే గాలి చల్లబడి తన నీటిలో అధికభాగాన్ని అక్కడే కురుస్తుంది. మహాబలేశ్వర్‌లో ఏటా 5,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, కనుమల చాటున ఉన్న పుణేలో పడేది సుమారు 700 మిల్లీమీటర్లు. అయితే ఇంకా తూర్పున ఉన్న నాగపూరులో వాన తగ్గకపోగా వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. దీనికి ప్రధాన కారణం బంగాళాఖాతం. అఖాతపు ఉత్తరభాగంలో ఏర్పడిన అల్పపీడనాలు, వాయుగుండాలు ఒడిశా తీరం దాటి, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌ల మీదుగా పడమటి వాయవ్య దిశగా సాగుతాయి. వాటిలో కొన్ని ఆ తరువాత ఉత్తరానికి మళ్లి హిమాలయపాదాల వైపు పోతాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. వానకాలంలో నాగపూరు మీద వీచే దిగువ గాలి సాధారణంగా పడమటినుంచి వస్తుంది. విడిగా ఒక మేఘాన్ని ఆ గాలికి వదిలితే అది ఉజ్జయిని వైపు కాక తూర్పుకు కొట్టుకుపోతుంది. పైగా ఒక వానమేఘం ఆయువు గంటల లెక్క. రామగిరి మేఘం అదే శరీరంతో హిమాలయాన్ని చేరడం అసంభవం. అయితే వర్షాన్ని తెచ్చే వ్యవస్థ నడక వేరు, వర్షాగమనపు గీత నడక వేరు. జూన్ మధ్యనాటికి విదర్భను చేరే ఋతుపవనాలు జూన్ చివరకు ఢిల్లీ, కురుక్షేత్ర ప్రాంతాన్ని తాకుతాయి. కావ్యంలో నడిచేది ఈ ఆగమనమే. ఊరూరా వాన మొదలయ్యే క్రమాన్ని కవి ఒక్క మేఘపు యాత్రగా కూర్చాడు. అలా చదివినప్పుడు మాళక్షేత్రంలో పల్లెపడుచులు మేఘాన్ని చూసే చూపుకు పూర్తి అర్థం వస్తుంది. కొత్తగా దున్నిన చేనుకు కావలసింది ఎక్కడో కురిసే వాన కాదు, ఆ పూట తమ ఊరికి వచ్చే వాన.

కాలనిర్ణయంలో ప్రసిద్ధమైన పాఠభేదం ఒకటుంది. యక్షుడు మేఘాన్ని చూసినది ఆషాఢ ప్రథమదివసానా, ప్రశమదివసానా అన్నది ఆ వివాదం. మల్లినాథుడు మొదటి పాఠాన్ని సమర్థించాడు. వల్లభదేవుడు రెండవదాన్ని గ్రహించాడు. నేటి పంచాంగంతో దీన్ని తేల్చబోవడం పొరపాటు. కాళిదాసు గుప్తుల కాలంవాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. నాటినుంచి నేటికి అయనచలనం వల్ల చాంద్రమాసాలు ఋతువులతో పోల్చినప్పుడు సుమారు మూడు వారాలు వెనుకబడ్డాయి. నాడు దక్షిణాయన ప్రవేశం ఆషాఢంలోనే జరిగేది. కనుక రెండు పాఠాలలో ఏది తీసుకున్నా వర్షాగమనానికి మరీ దూరం కాదు. శాపాంతానికి మిగిలిన నాలుగు నెలలు విష్ణువు శయనించే చాతుర్మాస్యమే కావడం మరింత గమనార్హం. విరహపు గడువును కవి వానకాలపు గడువుతో కొలిచాడు.

కవి ఒక్కడే ఇంత ఎరుక గలవాడని భావించరాదు. ఆ ఎరుక నాటి సమాజానికి ఉమ్మడి ఆస్తి. కౌటిల్యుని అర్థశాస్త్రం దేశాలవారీగా వానను ద్రోణాలలో లెక్కగట్టింది. అవంతికి 23 ద్రోణాలు చెప్పి, గోదావరీతీరపు అశ్మకకు అందులో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే చెప్పింది. అపరాంతానికి, అంటే కొంకణానికి, హిమాలయ ప్రాంతాలకు మితి లేదన్నది. గాలికి ఎదురునిలిచే కొండల మీద లెక్కకు అందని వాన, కొండచాటు నేలకు కొద్దిపాటి వాన అన్న వివేకం ఆ లెక్కలోనే ఉంది.

చిక్కిన నదులు, నిండు గంగ

పూర్వమేఘంలోని నదులను నాయికలుగా వర్ణించడం గురించి అలంకారికులు విస్తారంగా రాశారు. ఆ వర్ణనలో ఉన్న జలశాస్త్రాన్ని అంతగా పట్టించుకోలేదు. మేఘం అలసినచోట కొండ మీద విశ్రమించాలి, ఖాళీ అయినచోట నది నీరు తాగాలి అని యక్షుడు చెబుతాడు. దారిలో ఒక నది వేసవి విరహంతో జడంత సన్నని పాయగా చిక్కిపోయి ఉంటుంది, ఆ కృశత్వాన్ని తీర్చే బాధ్యత మేఘానిదే అంటాడు. ఇది కేవలం చమత్కారం కాదు. వింధ్యనదులకు మంచుకొండల ఆధారం లేదు. వాటికి నీరంటే వాననీరే. నాలుగు నెలల వానతో, ఆపైన నేలలో ఇంకి ఊరే నీటితో అవి ఏడాది గడపాలి. దేశానికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే సగటు వాన సుమారు 870 మిల్లీమీటర్లు, ఏటా పడే వానలో ఇది దాదాపు ముప్పాతిక. వేసవిచివర ఈ నదులు ఇసుకలో గీతలై మిగలడం ప్రకృతిసిద్ధం.

గంగ దగ్గరకు వచ్చేసరికి కవి స్వరం మారుతుంది. కనఖలం వద్ద గంగ మేఘం కోసం ఎదురుచూడదు. అక్కడ చిక్కినతనం లేదు, యాచన లేదు. నీరు తాగడానికి వంగిన మేఘపు నల్లనినీడ గంగలో పడి, ప్రయాగ కానిచోట యమున కలిసినట్టు కనిపిస్తుందన్నది అక్కడి భావన. వాననదికీ మంచునదికీ ఉన్న భేదాన్ని ఇంతకంటె క్లుప్తంగా చూపడం కష్టం. గంగ మొత్తం ప్రవాహంలో ఋతుపవన వర్షానిదే పెద్ద వాటా అన్నది నిజమే. అయినా కొండ దిగేచోట, వానకు ముందు వేసవిలో, కరిగే మంచు ఆ నదిని నిలబెడుతుంది. కవి చూసినది ఆ చోటును, ఆ కాలాన్నే.

ఒక్క లోపాన్ని మాత్రం ఒప్పుకోవాలి. ఈ మేఘానికి సముద్రం పుట్టినిల్లుగా కనిపించదు. వాల్మీకి కిష్కింధాకాండలోని వర్షవర్ణనలో సూర్యుడు సముద్రజలాన్ని పీల్చగా ఆకాశం దాన్ని నెలల తరబడి గర్భంగా ధరిస్తుంది. వరాహమిహిరుని బృహత్సంహిత కూడా మేఘగర్భాన్ని 195 రోజుల లెక్కతో చెప్పింది. కాళిదాసు మేఘం పుష్కరావర్తకుల వంశంలో పుట్టిన కులీనుడు, నదుల నీటితో దాహం తీర్చుకునే బాటసారి. వాస్తవంలో నదులనుంచి మేఘానికి చేరే తేమ స్వల్పం, సముద్రాలు ఇచ్చేది అపారం. బాటసారికి దారిపొడవునా ఆతిథ్యం కల్పించాలన్న కోరిక వల్ల కవి సముద్రాన్ని మరుగుపరచాడు. కావ్యానికి అది మేలు చేసింది గాని, నీటి కథను సగమే చెప్పింది.

హిమాలయానికి ఆవల

హిమాలయం వానమేఘాలను ఆపే గోడ అని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఎత్తైన టిబెట్ పీఠభూమి వేసవిలో వేడెక్కి ఋతుపవనాలను లాగుతుందన్న వివరణకూ చాలాకాలం ప్రాధాన్యం ఉండేది. 2010లో బూస్, క్వాంగ్ అనే పరిశోధకులు ఈ రెండవ వివరణను ప్రశ్నించారు. ఉత్తరపు చల్లని పొడిగాలి దిగివచ్చి భారతభూమి మీది తేమగాలితో కలవకుండా హిమాలయం అడ్డుపడటమే ముఖ్యమని, పీఠభూమి వేడిమి పాత్ర అనుకున్నంత పెద్దది కాదని వారి గణనలు సూచించాయి. ఏ వివరణను అంగీకరించినా ఒకటి మాత్రం స్థిరం. ఆ కొండలకు ఆవల మన వాన లేదు. లేహ్‌లో ఏడాదికి పడేది సుమారు వంద మిల్లీమీటర్లే.

కాళిదాసు మేఘమో క్రౌంచరంధ్రం గుండా ఆవలికి పోతుంది. కైలాసం ఒడిలోని అలకను చేరుతుంది. భూగోళపు లెక్కలో ఇది అసత్యం. కాని ఉత్తరమేఘం మొదట్లోనే కవి అలకలోని స్త్రీల అలంకారంగా ఆరు ఋతువుల పూలనూ ఒక్కసారే చూపుతాడు. ఆరు ఋతువులూ ఒకేసారి ఉన్నచోట ఋతువుకు అర్థం లేదు, ఎదురుచూపుకు అర్థం లేదు, వానకూ అర్థం లేదు. పటం ఎక్కడ ఆగాలో కవికి తెలుసుననడానికి ఇదే నిదర్శనం. ఋతుపవనాల సరిహద్దు దాటిన మరుక్షణం కావ్యం నదుల పేర్లను విడిచి మణిమయ సౌధాలలోకి ప్రవేశిస్తుంది. వానమేఘం దాటలేని ఆ గోడను కావ్యం మాత్రం నిజంగానే దాటింది. మేఘదూతం టిబెట్ భాషలోకి అనువాదమై వారి తెంగ్యూర్ సంపుటాలలో చోటు సంపాదించుకుంది.

వీపు వెనుకటి నీరు

ఈ కావ్యంలో మేఘం ఇచ్చేదే గాని ముంచేది కాదు. దావాగ్నిని ఆర్పుతుంది, చేలను తడుపుతుంది, నదులను నింపుతుంది. వరద అన్న మాట యక్షుని నోట రాదు. అతని చూపు ఉత్తరదిశలోనే నిలిచిపోవడం ఇందుకు ఒక కారణం. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ప్రాణహిత, ఇంద్రావతి వంటి ఉపనదులు మోసుకొచ్చిన నీరు ఆ వరదలో ఉంది. రామగిరి వాలు మీది నీళ్లు చేరేదీ ఆ ప్రాణహితలోకే. సందేశం ఉత్తరానికి పోతే, దాని బరువు దక్షిణానికి దిగింది. రామగిరిని చిత్రకూటమన్న మల్లినాథుని స్వస్థలం కొలిచెలమ నేటి మెదక్ ప్రాంతంలోనిదని చెబుతారు. అది మంజీర పరీవాహకం, అంటే గోదావరి పరీవాహకమే. రామగిరి నీరు, వ్యాఖ్యాత ఊరి నీరు చివరకు ఒకే నదిలో కలుస్తాయన్న సంగతి వ్యాఖ్యానంలో చోటుచేసుకోలేదు.

మరొక మార్పు కూడా ఈ కావ్యాన్ని కొత్తగా చదివిస్తుంది. కాళిదాసు మేఘం మాత్రమే దాటగలిగిన వింధ్యను ఇప్పుడు గొట్టాలు దాటాయి. నర్మద నీటిని వందల మీటర్ల ఎత్తుకు తోడి శిప్ర మొదలుకు చేర్చే పథకం 2014లో అమలులోకి వచ్చింది. ఉజ్జయినిలో స్నానఘట్టాలకు నీరు కావాలి, ఎండిన నదిని చూస్తూ ఊరుకోలేరు. ఆ అవసరాన్ని తక్కువచేయడం తగదు. అయినా మేఘం ఎండ ఇచ్చిన శక్తితో చేసే పనిని యంత్రం విద్యుత్తు వెచ్చించి చేస్తున్నదని, మేఘం ఒక నదికి ఇవ్వడానికి మరో నదిని తగ్గించదని గుర్తుంచుకోవాలి. శిప్రకు విరహం తీరింది. అయితే తీర్చింది మేఘం కాదు, మరో నది.

మేఘసందేశం వాతావరణశాస్త్ర గ్రంథం కాదు, నదుల జాబితా కూడా కాదు. ఏ నేల మీద ఏ నీరు ఎటు పోతుందో తెలిసినవాడు మాత్రమే రాయగలిగిన విరహకావ్యం. యక్షునికీ అతని ప్రియురాలికీ నడుమ ఉన్న దూరం యోజనాల లెక్క కాదు, జలవిభాజకాల లెక్క. ఆ దూరాన్ని కొలిచే ఓపిక విమర్శకు ఉన్నప్పుడు కావ్యంలోని నదులు ఉపమానాలుగా మాత్రమే మిగలవు. వేసవిచివర సన్నబడి, ఆకాశం వైపు చూస్తూ, ఏ ఏటికాయేడు తమ బతుకును వానకు అప్పగించే నిజమైన నదులుగా కనిపిస్తాయి.